వాన రాకముందు ఇచ్చే పైసలు

ప్రశ్న: మా కాలనీకి ప్రతి ఆదివారం కూరగాయలు తెచ్చి అమ్మే భార్యాభర్తలు ఉన్నారు. కనగల్ మండలంలో రెండెకరాలు కౌలుకు చేస్తున్నారు. ఈసారి వాళ్లు ఒక కొత్త పద్ధతి చెప్తున్నారు. మృగశిరకు ముందే ఇంటికి 6,000 రూపాయలు ఇస్తే, జూలై ఆఖరు నుంచి 20 వారాలు ప్రతి ఆదివారం ఒక సంచి కూరగాయలు ఇస్తారట. ఎక్కువ పండితే ఎక్కువ, తక్కువ పండితే తక్కువ. దీన్ని 'షేర్' అంటారని ఎవరో చదువుకున్న పిల్లలు చెప్పారట. మావారేమో "పైసలు ముందే కట్టి కూర కోసం ఎదురు చూడాల్నా, రైతు బజార్ ఉండగా" అంటున్నారు. నాకు ఇవ్వాలనే ఉంది, టెన్షన్‌గానూ ఉంది. ఏం చేయమంటారు?
– ఒక టీచర్, నల్లగొండ

జవాబు: ఇవ్వండమ్మా. ఇచ్చే ముందు మాత్రం మీరిద్దరూ ఒక ఆదివారం వాళ్ల చేను దగ్గరికి వెళ్లి, గట్టు మీద కూర్చుని ఓ గంట మాట్లాడండి. మాట్లాడుకున్నది నోటుబుక్కులో రాసుకుని, అప్పుడు ఇవ్వండి.

ఆ 6,000ను ఉత్త కూరగాయల ధరగా లెక్కేస్తే మీవారి మాటే కరెక్టు. అదే డబ్బుతో రైతు బజార్‌లో ఏ వారం ఏది కావాలంటే అది ఏరుకుని తెచ్చుకోవచ్చు. కానీ ఆ డబ్బు వాళ్ల చేతికి జూన్‌లో అందుతుంది చూడండి, అసలు సంగతంతా అక్కడే ఉంది. తొలకరి పడగానే దుక్కికి ట్రాక్టర్ కిరాయి కావాలి, పేడ ఎరువు తోలించాలి, విత్తనం, నారు, డ్రిప్పు పైపులకు అతుకులు, కలుపుకు కూలీలు, అన్నీ ఒకే నెలలో మీద పడతాయి. పోయిన యాసంగి పైసలు అప్పటికి ఇంట్లో ఉండవు. కౌలుకు చేసేవాళ్లయితే మరీ కష్టం. రైతు భరోసా పట్టాదారు ఖాతాలో పడుతుంది, కాగితం లేకుండా బ్యాంకులో పంట లోను పుట్టడం కష్టం. ఇక మిగిలింది ఎరువుల దుకాణంలో ఉద్దెర, లేదంటే కూరగాయల మార్కెట్‌లో కమీషన్ దుకాణం. అక్కడ పైసలు ఇస్తారు, కాదనరు. కానీ నూటికి రెండో మూడో మిత్తి ఉంటుంది, అది నెలకు, అంటే ఏడాదికి 24 నుంచి 36 రూపాయలు. మిత్తి కంటే బరువైన షరతు ఇంకోటి ఉంటుంది, పంట నా దగ్గరికే తేవాలని. ఆ మాట ఇచ్చాక రైతు తెల్లవారుజామున ఎన్ని గంపలు దింపినా, ఈ ధర నాకు గిట్టదు, ఇంకో దుకాణానికి పోతా అనే వీలు ఉండదు.

మీలాంటి ఓ ఇరవై ఇళ్ల వాళ్లు మృగశిరకు ముందు తలా 6,000 ఇస్తే లక్షా ఇరవై వేలు. ఆ ఏడాది ఆ గడప తొక్కే పని ఉండదు. మీరు సంచి కూర కొంటున్నట్టు కాకుండా ఆ సీజన్‌లో ఒక వాటా తీసుకుంటున్నట్టు అనుకోండి. మా చిన్నప్పుడు పాలాయన బర్రె కొనడానికి వాడుక ఇళ్లవాళ్లు ముందే తలా కొంత ఇచ్చి, నెలనెలా పాలల్లో పట్టుకునేవాళ్లు. ఇదీ ఇంచుమించు అలాంటిదే. తేడా ఒక్కటే, పాలకు గిన్నె కొలత ఉండేది, ఇక్కడ కొలత వాన చేతిలో ఉంటుంది. మీ టెన్షన్ అక్కడిదే, అది తప్పేమీ కాదు.

నా సొంత అనుభవం చెప్తాను. తిప్పర్తి వైపు ఒక రైతు దగ్గర మేము పద్నాలుగు ఇళ్లవాళ్లం రెండేళ్లు ఇలా షేర్లు తీసుకున్నాం. మొదటి ఏడు ఆగస్టు దాకా సంచి పట్టుకుంటే చెయ్యి లాగేది. బెండ, గోకర, కాకర, అడుగున వేళ్లకు తడి మట్టితో తోటకూర కట్టలు. సెప్టెంబర్‌లో ముసురు పట్టి పదిరోజులు వదల్లేదు. టమాట చెట్టు మీదే కుళ్లిపోయింది, బెండకు పురుగు పడ్డది. తర్వాత మూడు వారాలు సంచిలో వచ్చింది గంగవాయిలకూర, పుంటికూర, ఒక్క ఆనిగెపుకాయ, అంతే. రైతు భార్య ప్రతి సంచిలో నోటుబుక్కు కాగితం చింపి చీటీ పెట్టేది. ఒక వారం చీటీలో "బెండ లేదు. పురుగు. మల్ల ఏసినం" అని ఉంది. ఆ మూడు ముక్కలు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నాయి. మాలో ఒక కుటుంబం మిగతా వారాల పైసలు వాపస్ అడిగింది. పంట పోతే ఏం చేయాలో మేమెవరమూ ముందు అనుకోలేదు, ఎక్కడా రాసుకోలేదు. అడిగిన మూడో రోజున రైతు పైసలు తెచ్చి ఇచ్చాడు. ఎక్కడి నుంచి తెచ్చాడో తర్వాత తెలిసింది, నూటికి మూడు మిత్తికి. ఏ అప్పు తప్పించడానికి మేం షేర్లు తీసుకున్నామో ఆ అప్పులోకి ఆయన్ని మేమే పంపినట్టయింది. రెండో ఏడు పద్నాలుగు ఇళ్లవాళ్లం ఆయన వాకిట్లో కూర్చుని అన్నీ రాసుకున్నాకే పైసలు ఇచ్చాం.

అందుకే మిమ్మల్ని రాసుకోమంటున్నాను. వరసగా రెండు మూడు వారాలు సంచి సగమే వస్తే ఏం చేస్తారు? పంట మొత్తం పోతే ఆ నష్టం అందరూ మోస్తారా, లేక వచ్చే సీజన్‌లో కొంత సర్దుతారా? బాగా పండిన వారం ఎక్కువైనది మీకే వస్తుందా, బయట అమ్ముకుంటారా? మీరు ఊళ్లో లేని ఆదివారం మీ సంచి ఎవరికి పోవాలి? మధ్యలో మానుకునేవాళ్లకు పైసలు ఇవ్వాలా, లేక తమ బదులు ఇంకో ఇంటిని తెచ్చి కూర్చోబెట్టాలా? మా నోటుబుక్కులో ఈ చివరిదే రాసుకున్నాం, బాగా పనికొచ్చింది. నీళ్లు ఎక్కడివో కూడా అడగండి, బోరువా, కాలువవా, మూసీవా అని. ఏం మందులు కొడతారో అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్నలు కావివి, నిజాయితీ ఉన్న రైతు చెప్పడానికి ఇష్టపడతాడు.

6,000 ఒకేసారి కష్టమైతే సగం జూన్‌లో, మిగతాది సెప్టెంబర్ లోపు రెండు విడతలు ఇస్తామనండి. సగం మాత్రం మృగశిరకు ముందే చేరాలి. మీ వీధిలో వారం వారం తప్ప ఇవ్వలేని ఇల్లు ఏదైనా ఉంటే వాళ్లనూ కలుపుకోండి, మిగతావాళ్లు జూన్‌లో కాస్త ఎక్కువ వేస్తే సరిపోతుంది.

మీవారికి ఇంకో మాట చెప్పండి. 2023 జూలైలో టమాట కిలో వంద దాటి పోయింది గుర్తుందా? ఇంకొన్ని ఏళ్లలో ధర పడిపోయి కోత కూలీ కూడా రాదని రైతులు చేన్లోనే వదిలేశారు. షేర్‌లో ఉన్న ఇంటికి ఈ రెండింటితోనూ పని లేదు. అలాగని రైతు బజార్ మానాల్సిన పనీ లేదు. 1999లో మొదలైనప్పటి నుంచి అవి చిన్న రైతుకు చేసిన మేలు తక్కువేం కాదు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, క్యారెట్ ఎలాగూ అక్కడే కొంటారు, షేర్‌లో అవి రావు.

ఒక్క జాగ్రత్త. షేర్ అంటే మీకు వచ్చేది కూరగాయలే. ఎవరైనా వచ్చి పొలం మీద పెట్టండి, ఇంత శాతం మిత్తి ఇస్తాం, మూడేళ్లలో డబుల్ చేస్తాం అంటే అది వేరే వ్యవహారం, గేటు దగ్గరే దండం పెట్టి పంపేయండి.

ప్రశ్న: మాకు మిడ్జిల్ మండలంలో మూడెకరాల చెల్క ఉంది. ఒక బోరు, ఎకరానికి డ్రిప్పు ఉన్నది. ఇన్నేళ్లూ పత్తి, పల్లి వేసినం, మిగిలింది ఏం లేదు. షేర్ల పద్ధతి గురించి విని, జడ్చర్లలో, హైదరాబాద్‌లో ఉన్న మా ఊరోళ్లను అడిగితే నలభై మంది తీసుకుంటామన్నరు. మూడెకరాలూ కూరగాయలే వేద్దామా? ధర ఎట్ల పెట్టాలె? ఆర్గానిక్ అని చెప్పొచ్చా?
– ఒక యువ రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: తమ్ముడూ, మూడెకరాలు వద్దు. మొదటి ఏడు 20 గుంటలు, 20 ఇళ్లు, అది కూడా జడ్చర్లలోనే. మిగతా భూమిలో నీకు చేతనైన పల్లి, కంది వేసుకో. నలభై మంది ఫోన్‌లో సరే అన్నారంటే జూన్‌లో పైసలు ఇచ్చేది ఇరవై మంది అనుకో. ఆ ఇరవై మందికి ఇరవై వారాలు తప్పకుండా సంచి నింపడం ఎంత పనో ఒక సీజన్ చేస్తే గానీ తెలియదు. పత్తి ఒకసారి వేసి మూడుసార్లు ఏరితే అయిపోతుంది, ఇక్కడ ప్రతి వారం ఏదో ఒకటి కోతకు రావాలి. హైదరాబాద్ వాళ్లకు సంచులు పంపితే డీజిల్‌కే సగం పోతుంది, అది రెండో ఏడు చూసుకోవచ్చు.

ధర మార్కెట్ చూసి పెట్టకు, నీ ఖర్చు చూసి పెట్టు. లెక్క ఎలా వేయాలో ఉదాహరణకు చెప్తా, అంకెలు నీ ఊరి రేట్లతో మార్చుకో. దుక్కి, పేడ ఎరువు, విత్తనం, నారు కలిపి 20,000. కలుపు, కోత కూలీలు 25,000. ఆటో, సంచులు 15,000. ఒక పంట పోతే మళ్లీ వేయడానికి పక్కన పెట్టేది 10,000. ఇప్పటికి 70,000. ఇక్కడ మన రైతులంతా లెక్క ఆపేస్తారు. నువ్వు, మీ ఇంటామె ఆరు నెలలు పొద్దున్నుంచి చేసిన కష్టానికి ఎంత? కనీసం 50,000 రాయి. సిగ్గుపడకు, దాన్ని కాగితం మీద విడిగా చూపించు. మొత్తం లక్షా ఇరవై వేలు, 20 ఇళ్లకు పంచితే ఇంటికి 6,000, వారానికి 300. సగటున ఆరు కిలోలు ఇవ్వగలిగితే కిలో 50 పడుతుంది. ఈ కాగితాన్ని షేర్ తీసుకునే ప్రతి ఇంటికీ ఇవ్వు. ఖర్చు కళ్లతో చూసినవాళ్లు బేరం ఆడరు, పంట తగ్గిన వారం గొడవ కూడా పెట్టుకోరు.

విత్తడం ఒక్కసారిగా చేయొద్దు. మృగశిరలో బెండ, గోకర వేశాక పదిహేను రోజులకు మళ్లీ రెండు సాళ్లు, ఇంకో పదిహేను రోజులకు మళ్లీ రెండు సాళ్లు, ఇలా వేస్తూ పోతేనే ఒకటి ముదిరేసరికి ఇంకోటి అందుతుంది. పాలకూర, తోటకూర నెలలోపే కోతకు వస్తాయి, మొదటి సంచులను కాపాడేది అవే. బెండకు నెలన్నర పైన పడుతుంది, పందిరి మీది ఆనిగెపు, బీర, కాకరకు సుమారు రెండు నెలలు. అందుకే జూన్‌లో పైసలు ఇచ్చినవాళ్లకు జూలై ఆఖరు దాకా చేతికి ఏమీ రాదని ముందే గట్టిగా చెప్పు. గట్ల మీద పుంటికూర, ఓ పక్కన బబ్బెర్లు, అనుములు వేసుకో. ఇవి పెద్దగా ఏమీ అడగవు, వాన ఎక్కువైనా తక్కువైనా ఎంతో కొంత ఇస్తాయి. మా మూడు వారాల గండం పుంటికూరతోనే గట్టెక్కింది. డిసెంబర్‌తో సీజన్ ముగించు. బోరు మీద నమ్మకం ఉంటే యాసంగికి వేరే షేర్ పెట్టు గానీ, ఎండాకాలం సంచి ఇస్తానని మాత్రం ఒప్పుకోకు. మార్చి దాటాక చెల్క బోర్లు ఎట్లా పోస్తాయో నీకు నేను చెప్పాలా?

ఇంకోటి, ఇది నువ్వు అడగలేదు. ఏదో ఒక వారం సంచి నిండదు. అప్పుడు బయట మార్కెట్‌లో రెండు గంపలు కొని కలిపేద్దామనిపిస్తుంది. ఆ పని చేయకు. చేయక తప్పకపోతే చీటీ మీద రాసి చేయి, "ఈ వంకాయ మాది కాదు, కొన్నది" అని. చెప్పకుండా కలిపిన సంగతి ఎప్పటికైనా బయటపడుతుంది, జడ్చర్ల ఎంత ఊరని? ఖాళీ సంచిని క్షమించేవాళ్లు దీన్ని క్షమించరు. మొదట్లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి ఇరవై ఇళ్లవాళ్లనూ పిల్లలతో సహా చేను దగ్గరికి పిలువు. పల్లికాయ ఉడకబెట్టి పెట్టు. పురుగు ఎట్లా ఉంటుందో చేతిలో పెట్టి చూపించు. పైసలు ఎంత ఖర్చయ్యాయో ఆ రోజే చదివి వినిపించు.

ఆర్గానిక్ మాట. యూరియా వేస్తూ, పురుగుమందు కొడుతూ ఆ పదం వాడకూడదు, అది మోసం. మానేసినా నేల పూర్తిగా మారడానికి రెండు మూడేళ్లు పడుతుందని లెక్క. "ఈ ఏడు యూరియా సగానికి తగ్గించినం, బెండకు వేపనూనె కొడుతున్నం, తగ్గకపోతే ఒకసారి మందు కొట్టాల్సి రావచ్చు, కొడితే చెప్తం" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. నిజంగా మారాక, పక్క రైతులను కలుపుకుని కనీసం ఐదుగురు అయితే పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) అనే ఆర్గానిక్ గుర్తింపు కింద గుంపుగా నమోదు కావచ్చు, రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి అది, పెద్ద కంపెనీల సర్టిఫికెట్‌లా వేలకు వేలు కట్టక్కర్లేదు.

చివరిగా, పాలమూరు నేలకు కూరగాయల కంటే పప్పు, నూనె షేర్లే తేలికేమో ఆలోచించు. కంది జనవరిలో చేతికి వస్తుంది, కుళ్లేది కాదు, ప్రతి ఆదివారం ఆటో అక్కర్లేదు. క్వింటాల్ కందులు మిల్లు పట్టిస్తే సుమారు 65 నుంచి 70 కిలోల పప్పు వస్తుంది, ఏడాదికి ఇంటికి ఇరవై కిలోలు అనుకున్నా ముప్పై ఇళ్లకు ఎన్ని క్వింటాళ్లు కావాలో నువ్వే లెక్కేసుకోవచ్చు. కూరగాయల షేర్ తీసుకున్న ఇళ్లే పప్పు కూడా అడుగుతాయి. నా మటుకు నాకు నీ మూడెకరాలకు ఇదే అసలు దారి అనిపిస్తోంది.

ప్రశ్న: ఇది అమెరికా పద్ధతి అంటున్నారు, నిజమేనా? మన ఊళ్లలో నడుస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: పేరు అక్కడిదే, కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లో ఒకటి, న్యూ హాంప్‌షైర్‌లో ఒకటి, రెండు పొలాల్లో మొదలైంది. అంతకంటే ముందే జపాన్‌లో 1970లలో 'తేకే' పేరుతో తల్లులు, రైతులు కలిసి ఇలాంటి ఒప్పందాలు చేసుకున్నారు. అలబామాలో బుకర్ టి. వాట్లీ అనే నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త కూడా చిన్న రైతులకు, ముందే పైసలు కట్టే సభ్యులను చేర్చుకోండని చెప్పాడు. ఈ పేరును పొట్టిగా సీఎస్ఏ అంటారు. మన దగ్గర ఆ మూడక్షరాలు వింటే సికింద్రాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం గుర్తుకు వస్తుంది, అది వేరు, కలపకండి.

మన ఊళ్లలోనూ కళ్లం దగ్గర వడ్లు కొలిచేటప్పుడు వడ్రంగికి, కుమ్మరికి, చాకలికి గింజలు ఇచ్చే పద్ధతి ఉండేది, పంటలో పాలు అనేది మనకు కొత్త కాదు. అయితే దాన్ని నేను గొప్పగా చెప్పను. ఎవరికెంతో కులమే నిర్ణయించేది, ఎదురు అడిగే హక్కు తీసుకునేవాళ్లకు ఉండేది కాదు. షేర్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు, నాకు నచ్చింది అది. నడుస్తుందా అంటావా, ఇరవై ఇళ్లు, ఒక రైతు, ఒక నోటుబుక్కు ఉంటే నాగర్‌కర్నూల్‌లోనూ నడుస్తుంది.

ప్రశ్న: మేము షేర్ తీసుకుని రెండు నెలలైంది. వారం వారం పుంటికూర, ఆనిగెపుకాయే ఎక్కువ. పిల్లలు ముట్టడం లేదు, పారేయాలంటే మనసొప్పడం లేదు. మానేద్దామా?
– గృహిణి, మిర్యాలగూడ

జవాబు: సీజన్ మధ్యలో మానకండమ్మా, ఆ పైసలు ఎప్పుడో చేనులోకి పోయాయి. ముందు రైతుకే చెప్పండి. చాలామంది లోలోపల గొణుక్కుంటారు గానీ చెప్పరు, ఆయనకేమో అందరికీ నచ్చుతున్నట్టే ఉంటుంది. మీరు చెప్తే వచ్చే విడత బెండ రెండు సాళ్లు ఎక్కువ వేస్తాడు. సంచులు ఇచ్చే చోట ఒక గంప పెట్టించండి. మీకు అక్కర్లేనిది అందులో వేసి, ఇంకొకరు వేసినది తీసుకోండి. మా దగ్గర ఆ గంపలో కాకరకాయ వేసేవాళ్లు కొందరు, దానికోసమే ముందు వచ్చేవాళ్లు కొందరు.

పుంటికూర ఎక్కువైతే కడిగి, నీడలో తడి ఆరబెట్టి, ఎండుమిర్చితో నూనెలో మగ్గించి తొక్కు నూరి పెట్టుకోండి, నెల ఉంటుంది. గోకరకాయ మిగిలితే ఉప్పు నీళ్లలో ఒక ఉడుకు రానిచ్చి ఒరుగులు ఎండబెట్టుకోండి. ఆనిగెపుకాయ తురిమి, బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి ఆ తడితోనే కలిపి, మందపాటి గిన్నెకు సర్వపిండి ఒత్తండి. మూత పెట్టి సన్న మంట మీద పావుగంట ఉంచండి. అడుగు ఎర్రగా కాలి, అంచులు గిన్నెను వదిలినప్పుడు దింపి, సంచిలో ఏం వచ్చిందో చెప్పకుండా పిల్లల ముందు పెట్టి చూడండి.